నా కాళ్ళు, అమ్మ చెప్పులు

కాటన్‌పేటలోని మా కొట్లో తాత నాటి నుంచి ఒక కట్టుబాటు ఉంది. చెప్పులతో గద్దె ఎక్కకూడదు, బట్ట ఉన్న చోటికి పోకూడదు. కొట్టు అంటే పెద్ద షోరూమేమీ కాదు. చీరల ఫాల్స్, జాకెట్ల లైనింగు, లోలంగాల గుడ్డ, అన్నీ తానులుగా అమ్మే హోల్‌సేల్ దుకాణం. ముందు తెల్ల దుప్పటి పరిచిన గద్దె, వెనక బీరువాలు, పైన అటక. హొసకోటె నుంచీ కోలారు నుంచీ వచ్చే టైలర్లు కూడా చెప్పులు వాకిట్లో విడిచి, గద్దె అంచున కూర్చునే బేరమాడతారు. సరుకంటే లక్ష్మి అని మా నాన్న అనేవాడు. ఆయన పోయాక కొట్టును అమ్మా నేనూ చూసుకున్నాం. గోడకు రంగు మారింది, నేలకు టైల్స్ వచ్చాయి, కట్టుబాటు మాత్రం మారలేదు.

ఆ రోజు అటక మీది లైనింగు తాను దించాలని నిచ్చెన ఎక్కబోతూ అలవాటుగా చెప్పులు కింద విడిచాను. కొత్త టైల్స్ నున్నగా ఉన్నాయి. నిచ్చెన జారింది. నేనూ తానూ కలిసి పడ్డాం. నొప్పి నడుము దాకానే తెలిసింది. అక్కడి నుంచి కిందికి ఏమీ లేదు. కాళ్ళు కనిపిస్తున్నాయి గాని ఎవరివో తెచ్చి నా పక్కన పెట్టినట్టున్నాయి.

ఆసుపత్రిలో రాడ్లు వేసి, స్క్రూలు బిగించి వెన్నెముకను నిలబెట్టారు. వెన్నెముక నిలబడింది, నేను నిలబడలేదు. ఎముక వేరు, దాని లోపల నడిచే వెన్నుపాము వేరు అని నాకు అప్పుడే తెలిసింది. ఎముక విరిగితే బిగించవచ్చు. వెన్నుపాము నలిగితే బిగించడానికి ఏమీ ఉండదు. అది మెత్తగా, వెన్నపూసలాగా ఉంటుందట. మెదడు చెప్పే మాట కాళ్ళకు చేరేది దాని గుండానే. నా విషయంలో ఆ మాట నడుము దగ్గరే ఆగిపోతోంది.

అయితే అంతా పోలేదు. ఎడమ తొడ మీద అరచేతంత చోటు మిగిలింది. అక్కడ చెయ్యి వేస్తే తెలుస్తుంది, వేడీ చల్లనా తెలుస్తాయి. మిగతాదంతా నాతోపాటు తిరిగే సామాను. ఇలా అంటే మా అమ్మకు కోపం.

ఇంటికి పంపే ముందు కొన్ని వారాలు పునరావాస విభాగంలో ఉంచారు. మంచం మీది నుంచి చక్రాల కుర్చీలోకి చేతుల బలంతో ఎలా మారాలో, మూత్రం గొట్టం ఎలా పెట్టుకోవాలో అక్కడే నేర్పారు. అన్నిటికంటే గట్టిగా నేర్పింది అద్దం చూసుకోవడం. ముఖం కాదు. పొద్దునా సాయంత్రమూ చేతి అద్దం కింద పెట్టి పిరుదులు, మడమలు, అరికాళ్ళు, వేళ్ళ సందులు చూసుకోవాలి. స్పర్శ లేని చోట పుండు పడితే ఒంటికి తెలియదు, కన్నే కనిపెట్టాలి. నేను పెళ్ళిచూపుల కోసం కూడా అద్దం ముందు అంతసేపు కూర్చోలేదు.

మా ఇల్లు కొట్టు వెనక సందులోనే. ఇంట్లో అందరం ఉత్త కాళ్ళతోనే తిరుగుతాం కాబట్టి చాలాకాలం నాకు ఒక సంగతి తెలియలేదు. మొదటిసారి కుర్చీలో సందులోకి వచ్చిన రోజు బయటపడింది. నేను చక్రాలు తిప్పుకుంటూ కొట్టుకు పోతున్నాను, అమ్మ నా పక్కన నడుస్తోంది. ఎండకు తారు కాగి ఉంది. ఆమె కాళ్ళకు చెప్పులు లేవు.

"చెప్పులేవిమా?" అన్నాను.

"ఇంట్లో ఉండాయి."

"ఏసుకోలేదేమి?"

"సుమ్నే."

కన్నడంలో 'ఊరికే' అనడానికి వాడే ఆ మాటను మా ఇంట్లో తెలుగులాగే వాడతాం. అయితే మా అమ్మ ఊరికే ఏదీ చేయదు. నేను చక్రాలకు బ్రేకు వేసి సందు మధ్యలో ఆగిపోయాను. వెనక ఆటోవాడు హారన్ మీంచి చెయ్యి తియ్యడం లేదు.

"చెప్తేనే కదుల్తా," అన్నాను.

"నీ కాళ్ళతో నువ్వు నడిచి చెప్పులేసుకునేదాకా నా కాళ్ళకి చెప్పులొద్దని కొండ స్వామికి మొక్కుకుంటి. చెప్పినా కదా, ఇంక జరుగు. ఆటో నిలబడుండాది."

నాకు ఒళ్ళు మండిపోయింది. అమ్మకు ఏళ్ళుగా షుగరు. ఆ సందులో మేకులూ గాజుపెంకులూ పెంటా అన్నీ ఉంటాయి. పైగా కాళ్ళు నావి, మొక్కు ఆమెది, మధ్యలో నన్ను అడిగినవాళ్ళు లేరు. కోపమొస్తే నేను ఒంటికాలి మీద లేస్తానని మా అమ్మ ఇదివరకు అందరితో చెప్పేది. ఆ రోజు కూర్చునే లేచాను. సందంతా విన్నది. ఆమె మాత్రం ఏమీ ఎరగనట్టు ముందు నడిచింది.

ఇంటికి వచ్చాక ఇంకొకటి గమనించాను. నిచ్చెన కింద నేను విడిచిన చెప్పులు గడప లోపల గోడవారగా ఉన్నాయి. అందరి చెప్పులూ గడప బయట, నావి లోపల. ఎవరో పొరపాటున పెట్టి ఉంటారని ఇన్నాళ్ళూ అనుకున్నాను. శుక్రవారం గడపకు పసుపు పూశాక అమ్మ వాటిని తడిగుడ్డతో తుడిచి మళ్ళీ అక్కడే పెట్టడం ఆ వారమే చూశాను. దాంతో కోపం పోయి దుఃఖం వచ్చింది. కోపమే నయం అనిపించింది.

అప్పటి నుంచి నేను నడవడం నా ఒక్కదాని సంగతి కాకుండా పోయింది. నేను లేవకపోతే అమ్మ జీవితాంతం ఉత్త కాళ్ళే. ఆమె పగలంతా కొట్లో, తర్వాత బజారులో, ఎవరేం చెబితే ఆ వైద్యుడి కోసం, ఆ గుడి కోసం కాలికి బలపం కట్టుకుని తిరిగేది. చెప్పులు తప్ప అన్నీ కట్టుకుంది.

మా తమ్ముడు మారతహళ్ళిలో ఉంటాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వాడి ప్రేమ ఫోనులో వస్తుంది, వీడియోలుగా. ఒక ఆదివారం మాత్రం స్వయంగా వచ్చి నా మంచం పక్కన కూర్చున్నాడు.

"అక్కా, సెల్ ట్రాన్స్‌ప్లాంట్ అని ఉంది. నీ బోన్ మ్యారోనే తీస్తారు, అందులోనించి సెల్స్ సెపరేట్ చేసి స్పైన్‌లో ఇంజెక్ట్ చేస్తారు. మన సెల్సే కాబట్టి సైడ్ ఎఫెక్ట్స్ ఉండవంట. సెంటర్ ఇక్కడే, రింగ్ రోడ్ మీద. డబ్బు సంగతి నేను చూసుకుంటా."

"కణాలు పోయి ఏం చేస్తాయంట?"

"డ్యామేజ్ అయింది రిపేర్ చేస్తాయక్కా. నువ్వొకసారి వచ్చి చూడు, తర్వాత మాట్లాడు."

అమ్మకు ఇంగ్లీషు ముక్కలు అర్థం కాలేదు గాని తమ్ముడి ముఖం అర్థమయింది. మరుసటి వారమే ముగ్గురం వెళ్ళాం. అద్దాల భవనం, కుర్చీ సాఫీగా ఎక్కే ర్యాంపు. ఆ ర్యాంపు చూసే నాకు సగం నమ్మకం కలిగిందని ఒప్పుకోవాలి. లోపల ఒకాయన మాకు వీడియో చూపించాడు. నాలాంటి వాడొకడు రెండు కమ్మీలు పట్టుకుని నిలబడ్డాడు, చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. అమ్మ కళ్ళు తుడుచుకుంది.

నేను పుట్టింది తానుల మధ్య. తాను అమ్మేవాడు పై మడత చూపిస్తాడు, కొనేవాడు లోపలి మడత లాగి చూస్తాడు. మా కొట్లో లాగి చూడని టైలరు లేడు, చూస్తే మేం ఏమీ అనుకోం. అదే పని నేనూ చేశాను.

"ఈయన ఇప్పుడెట్లున్నాడు? ఇంట్లో నడుస్తున్నాడా?"

"ఫాలో-అప్‌లో ఉన్నారు మేడమ్."

"మొత్తం ఎంతమందికి చేశారు, అందులో ఎవరెవరు లేచారు?"

"ఒక్కొక్కరి బాడీ ఒక్కొక్క రకంగా రెస్పాండ్ అవుతుంది మేడమ్. ఇంప్రూవ్‌మెంట్ అయితే చాలామందిలో చూశాం."

"ఇంప్రూవ్‌మెంట్ అంటే?"

దానికి ఆయన అమ్మ వైపు తిరిగాడు. అమ్మ ఒక్కటే అడిగింది. "ఎప్పటికి నడుస్తాదప్పా?"

"నమ్మకం ముఖ్యమమ్మా," అన్నాడాయన. అమ్మ ఆయనకు రెండు చేతులూ జోడించింది. లోపలి మడత నాకు కనిపించనేలేదు.

అయినా ఒప్పుకుందామనే అనుకున్నాను. నాకు ఆశ లేక కాదు. కలలో ఇప్పటికీ నేను నిచ్చెన ఎక్కుతాను, అదీ చకచకా ఎక్కుతాను. పైగా ఒక సూదికి ఒప్పుకుంటే అమ్మ మొక్కుకు దారి దొరుకుతుందంటే కాదనడానికి నాకు నోరెలా వస్తుంది? అమావాస్య వెళ్ళాక మంచి రోజు చూసి చేరతామని అమ్మ తమ్ముడి చేత ఫోను చేయించింది.

ఆలోగా పునరావాస విభాగంలో నన్ను చూసే డాక్టరమ్మ దగ్గరికి మామూలు పరీక్షకు వెళ్ళాను. నా ఈడు మనిషి, కన్నడంలో గబగబా మాట్లాడుతుంది, తియ్యగా మాట్లాడదు. అందుకే ఆమెను అడిగాను.

ఆమె కాగితం మీద ఒక గొట్టం గీసి మధ్యలో గీతలు కొట్టేసింది. నలిగిన చోట చచ్చిపోయిన కణాలు మళ్ళీ పుట్టవని చెప్పింది. ఆ చోటును వేరే కణాలతో నింపి చూడాలన్నది ప్రయత్నం. ఎముక మూలుగ నుంచి తీసినవి, ముక్కు లోపలి పొర నుంచి తీసినవి, ప్రయోగశాలలో పెంచినవి, ఇలా రకరకాలుగా చూస్తున్నారు. అవి మిగిలిన నరాలకు ఆసరాగా ఉంటాయని, తెగినవాటికి దారి చూపుతాయని ఆశ. కొంతమందికి కొద్దిగా స్పర్శ వచ్చింది, కొంతమందికి ఏమీ రాలేదు. ఎవరికి వస్తుంది, ఎందుకు వస్తుంది అనేది ఇంకా తేలలేదు.

"ఇది అబద్ధం కాదు. ఇంకా మందు కాలేదు, అంతే," అంది. "కొత్త వైద్యాన్ని పరీక్షించి చూసేవాళ్ళు రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. డబ్బు తీసుకుని చేసేవాళ్ళు పరీక్ష చేస్తున్నట్టు కాదు. నువ్వు ఇప్పుడు వాళ్ళ దగ్గర ఒకసారి వేయించుకుంటే, రేపు నిజంగా మంచి పరీక్ష ఒకటి వచ్చినా నిన్ను చేర్చుకోకపోవచ్చు."

"నాకిప్పుడు పోయేదేముంది డాక్టర్?"

ఆమె నా ఎడమ తొడ మీద, సరిగ్గా ఆ అరచేతంత చోట వేలు పెట్టింది. "ఇది ఉంది కదా. వెన్నులో సూది దిగాక ఇది ఇలాగే ఉంటుందని వాళ్ళు చెప్పారా?"

చెప్పలేదు. నేనూ అడగలేదు. ఇన్ని ప్రశ్నలు వేసినదాన్ని, నా దగ్గర ఉన్నదాని గురించి అడగడం మర్చిపోయాను.

నిజమైన పరీక్ష ఎక్కడైనా ఉంటే కనుక్కోమన్నాను. కనుక్కుంది. తనకు తెలిసినవి అన్నీ కొత్తగా గాయపడినవాళ్ళనే తీసుకుంటున్నాయని, నా గాయం పాతబడిందని చెప్పింది. "అంటే అటక మీది సరుకన్నమాట," అన్నాను. ఆమె నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. ఆటోలో ఇంటికి వచ్చేదాకా ఏడుస్తూనే ఉన్నాను.

తమ్ముడికి ఫోనులో చెప్పాను. "ట్రై కూడా చేయకుంటే ఎట్లక్కా? రేపు రిగ్రెట్ అయితావు," అని అరిచాడు. వాడిమీద నాకు కోపం రాలేదు. వాడికి చేతనైన ప్రేమ అదే. అమ్మకు మాత్రం చెప్పలేకపోయాను. సూది వద్దు అని చెప్పడం తేలికే. నేను నడవను అని చెప్పడం వేరు. ఆ మాట నా నోట రానంత కాలం ఆమెకు ఒక దారి తెరిచి ఉన్నట్టు. వచ్చిందంటే మూసింది నేనే. అమావాస్య దగ్గరపడుతోంది. అమ్మ నా బట్టలు సంచిలో సర్దడం మొదలుపెట్టింది.

ఆ సాయంత్రం నేను మంచం మీద కూర్చుని ఎప్పటిలా మడమ కింద అద్దం పెట్టి చూసుకుంటున్నాను. అమ్మ కొట్టు మూసి వచ్చి, నా మంచానికి ఎదురుగా గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకుంది. అద్దం పక్కకు తిప్పుతుంటే అందులో ఆమె అరికాలు కనిపించింది. బొటనవేలి మొదట్లో ఏదో మెరిసింది. చుట్టూ నల్లగా కమిలి, మధ్యలో చీము పట్టి ఉంది.

"ఆ కాలు ఇట్లా పైకి పెట్టుమా," అన్నాను.

మంచం అంచున పెట్టింది. గుండుసూది. తానులకు ధర చీటీ గుచ్చే సూది, తలకాయ దాకా దిగి ఉంది. కొట్లో గద్దె మీద ఎప్పుడూ ఒకటీ అరా పడి ఉంటాయి. ఎన్నాళ్ళ కింద గుచ్చుకుందో ఏమో.

"నొప్పి లేదామా?"

"ఏం నొప్పి?" అని వంగి చూసి, "ఏమబ్బా ఇది, ఎప్పుడు దిగిందో," అంది.

ఆ మాటతో నాకు అర్థమయింది. ఆమె కాళ్ళకు స్పర్శ పోయింది. నా వెన్నుపాము ఒక్క క్షణంలో చేసిన పనిని ఆమె షుగరు మెల్లగా, ఎవరికీ తెలియకుండా చేసుకుంటూ వచ్చింది. నాకైతే అద్దం పెట్టి చూసుకోమని నేర్పారు. ఆమెకు ఎవరూ నేర్పలేదు.

తమ్ముడు వచ్చి అమ్మను ఆసుపత్రికి తీసుకుపోయాడు. సూది తీసి, కుళ్ళినంత మేర కోసి కట్టు కట్టారు. ఇక ఉత్త కాళ్ళతో అడుగు తీసి అడుగు వెయ్యకూడదని, ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు ఉండాల్సిందేనని, లేదంటే వేలితో మొదలై పాదం దాకా పోతుందని డాక్టరు గట్టిగా చెప్పాడట. అమ్మ అన్నిటికీ తల ఊపి, కట్టు కట్టిన కాలితో చెప్పుల్లేకుండానే కుంటుకుంటూ లోపలికి వచ్చింది.

"డాక్టరు ఏమన్న్యాడు?" అన్నాను.

"ఆయన అంటాడు. దేవునికి మాటిచ్చినాక ఎట్లా తప్పేది? ఇంక ఎన్ని దినాలు, అమావాస్య పోతే నీకు సూది ఏస్తారు."

అప్పుడు చెప్పాను. "సూది ఏసుకున్నా నేను నడవనుమా."

"అపశకునం మాట్లాడొద్దు."

"అది ఇంకా మందు కాలేదు. ఎప్పుడో ఒకనాడు అయితాదేమో. ఎవురెవురో నడుస్తారేమో. నాకైతే కాదు, నాది పాత గాయమని డాక్టరమ్మ చెప్పింది. నేను నడవనుమా. నువ్వు చెప్పులేసుకో."

అమ్మ నా వైపు చూడలేదు. గడప పక్కనున్న నా చెప్పుల వైపు చూస్తోంది.

"నేను నడిచేదాకా నీ కాలు ఆగదుమా," అన్నాను. "కోసేస్తారు. ఈ ఇంట్లో ఇంకో కుర్చీకి చోటు లేదు."

"అట్లా అనేదానికి నీకు నోరెట్లా వచ్చెనే," అంది అమ్మ. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పడిన రోజు నుంచి ఆమె నా ముందు అలా ఏడవలేదు. నేనూ ఏడ్చాను. ఓదార్చడానికి లేచి వెళ్ళలేను కదా. ఆమే కాసేపటికి కుంటుకుంటూ వచ్చి నా మంచం మీద కూర్చుంది.

పొద్దున నేను లేచేసరికి స్నానం చేసి దేవుడి పటం ముందు ఉంది. పసుపు గుడ్డలో రూపాయి బిళ్ళ పెట్టి మూటకడుతోంది. మొక్కు తప్పినవాళ్ళు స్వామికి ఇచ్చుకునే తప్పు కానిక అది. మాటిచ్చింది తనే, తప్పింది తనే, ఏదైనా ఉంటే తన మీదే ఉండాలి, పిల్ల మీదికి రాకూడదని పైకే చెప్పుకుంటోంది. ముడి బిగించి మూటను పటం మేకుకు తగిలించింది.

అమావాస్య వెళ్ళాక తమ్ముడు కారు తెచ్చాడు. అమ్మ సంచిలోంచి నా బట్టలు తీసి మళ్ళీ బీరువాలో పెడుతోంది. "వద్దప్పా," అంది వాడితో. "అది ఇంకా మందు కాలేదు. అయినప్పుడు చూద్దాము." నేను చెప్పిన మాటను తన మాటగా చెప్పింది. వాడు నా వైపు చూశాడు. నేను కారు ఉన్నప్పుడే అమ్మను చెప్పుల షాపుకు తీసుకుపొమ్మన్నాను.

మెత్తటి రబ్బరు చెప్పులు, వెనక పట్టీ ఉన్నవి, రెండు జతలు తెచ్చుకుంది. ఒకటి వీధికి, ఒకటి గద్దెకు. తాత నాటి కట్టుబాటు అలా పోయింది. తెల్ల దుప్పటి మీద చెప్పులతో కూర్చున్న అమ్మను చూసి మొదట్లో టైలర్లు తెల్లబోయేవాళ్ళు. "ఇవి చెప్పులు కాదప్పా, మందు," అనేది. గడప లోపలున్న నా చెప్పులు కూడా ఇప్పుడు అక్కడ లేవు. పొద్దున కుర్చీలో కూర్చోగానే ఆమే నా కాళ్ళకు తొడుగుతుంది. నడవకపోయినా చెప్పులుంటే గోడలకు తగిలి కాళ్ళు గాయపడవని డాక్టరమ్మ ఎప్పుడో చెప్పింది, నేనే వినలేదు.

పుండు మానడానికి చాలా నెలలు పట్టింది. రోజూ కట్టు మార్చేది నేనే. అమ్మ నా ఎదురుగా కూర్చుని కాలు నా ఒడిలో పెట్టేది. మొదటి రోజు కుడి తొడ మీద పెట్టుకున్నాను. కాలు అక్కడ ఉందో జారిందో నాకు తెలియక మాటిమాటికీ చూసుకోవాల్సి వచ్చింది, ఆమెకూ తెలియలేదు. తర్వాత ఎడమ వైపుకు మార్చాను.

ఇప్పుడు పుండు లేదు, అయినా సాయంత్రం కొట్టు మూశాక ఇద్దరి అరికాళ్ళూ అద్దంలో చూడటం అలవాటయింది. ముందు నావి, తర్వాత ఆమెవి. ఆమె మడమను ఆ అరచేతంత చోటు మీద పెట్టుకుంటాను. పగలంతా తిరిగిన కాలు కదా, వెచ్చగా ఉంటుంది. తన కాలు ఎక్కడ ఆనిందో అమ్మకు తెలియదు. నాకు తెలుస్తుంది.